పెదవి మీద దారం

కర్ర చంకలో ఇరికించుకుంటాడు. దారం చివరి బారెడు చేతిలోకి తీసుకుంటాడు. గాలం ముడి దగ్గర మొదలుపెట్టి, దాన్ని పెదవుల మధ్యనుంచి మెల్లగా లాగుతాడు. ఆ కాసేపు ఎవరితోనూ మాట్లాడడు. కళ్ళు నీళ్ళవైపే ఉంటాయి గానీ నీళ్ళను చూడవు. బారెడూ అయ్యాక "బాగుంది" అంటాడు. లేకపోతే ఏమీ అనకుండా కత్తెర తీస్తాడు.

ఆల్డెన్ ప్యాట్‌నోడ్‌ను తలచుకుంటే నాకు మొదట కనబడేది ఇదే. ముడి వేసిన ప్రతిసారీ, చేపను తీసిన ప్రతిసారీ, గాలం రాతికి తట్టుకుని వదిలిన ప్రతిసారీ ఆయన ఇలాగే చేసేవాడు. రోజుకు ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

జనాన్ని పడవలో చేపల వేటకు తిప్పే గైడు వేళ్ళకు ఏమీ తెలియదు. చన్నీళ్ళు, లంగరు తాడు, బాస్ చేపల గరుకు దవడలు కలిసి వాటిని చెక్క చేస్తాయి. పెదవి అలా మొద్దుబారదు. దారం మీద కంటికి ఆనని గాటు ఉంటే పెదవికి ఇసుక రేణువులా తగులుతుంది. ఆల్డెన్‌కు ఇది వాళ్ళ నాన్న నేర్పాడు. నేనూ గైడునే, నాకు ఆల్డెన్ నేర్పాడు.

మాది బార్టెల్ రేవు. సరస్సులోంచి సెయింట్ లారెన్స్ నది బయటపడే చోట, లంకల మధ్య ఉంటుంది. నా చిన్నప్పుడు ఇక్కడ నీటి అడుగున ఉన్న రాతి తిప్పలు నున్నగా ఉండేవి. తర్వాత ఎక్కడెక్కడి ఓడలో గోరంత ఆల్చిప్పల్ని తెచ్చి పోసి పోయాయి. అవి రాళ్ళన్నిటికీ పట్టుకున్నాయి. వాటి అంచు కొత్త బ్లేడు. వాటి వెనకే గుండు తల చిన్న చేపలు వచ్చాయి. వాటిని తిని మా బాస్‌లు మునుపెన్నడూ లేనంత బలిశాయి. పెద్ద చేప కావాలంటే గాలాన్ని ఆ రాళ్ళ మీదే ఈడ్వాలి. ఈడిస్తే దారం కోసుకుంటుంది. అందుకే మా దగ్గర గైడు మాట అంటే అతని పెదవి మాట.

ఆరు పౌన్లు దాటిన బాస్‌ను మేం గోడచేప అంటాం. ఒకప్పుడు దాన్ని చంపి, లోపల దూది కూరి, గోడకు బిగించేవాళ్ళు. ఇప్పుడు కొలిచి, ఫొటో తీసి, నీళ్ళలో వదిలేస్తారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆల్డెన్ పెళ్ళి చేసుకోలేదు. పడవల కొట్టం మీది గదుల్లో అక్క బెర్నీస్‌తో ఉండేవాడు. నేను చెప్పే ఏడాది ఆగస్టులో, ఒక పొద్దున, కాఫీ తాగుతుంటే ఆయన నోటి ఎడమ పక్క జారింది. బెర్నీస్ చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చిన్న పక్షవాతమే అన్నారు. కొద్ది రోజులకు నోరు సర్దుకుంది. మాట కూడా వచ్చింది. మళ్ళీ పడవ ఎక్కాడు.

"నోరెలా ఉంది?" అని రేవులో అడిగాను.

"నిన్ను తిట్టడానికి సరిపోతుంది," అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. చూపుకు నోరు బాగానే ఉంది. ఎడమ సగానికి స్పర్శ తిరిగి రాలేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. కాఫీ ఆ మూలనుంచి గడ్డం మీదికి కారితే ఆయనకు తెలిసేది కాదు. బెర్నీస్ రుమాలు అందిస్తే తుడుచుకునేవాడు. దారాన్ని కుడి మూలనుంచి లాగడం అలవాటు చేసుకున్నాడు. యాభై ఏళ్ళు ఎడమ పక్కనుంచి లాగిన చెయ్యి అది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పెదవికి తెలియదని బయటపడితే గైడుకు పడవ లేదు. అది ఆయనకు తెలుసు. ఆ సీజను గడిస్తే చాలనుకున్నాడు. సీజను చివరి రోజు ఆస్ట్రాండర్ వాళ్ళావిడకు ఇచ్చాడు.

హోబర్ట్ ఆస్ట్రాండర్ యూటికాలో పోస్టాఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య వినిఫ్రెడ్. ఇద్దరూ ప్రతి సెప్టెంబరూ వచ్చి ఒడ్డున చెక్క గదుల్లో దిగేవారు. ఆల్డెన్ పడవ తప్ప ఇంకో పడవ ఎక్కలేదు. హోబర్ట్‌కు గోడచేప కావాలి. వినిఫ్రెడ్‌కు ఏమీ అక్కర్లేదు. చేపలు ఆవిడకే పడేవి.

హోబర్ట్‌కు ముడి రాదు. గాలం తనే కట్టుకుంటానని పట్టుబట్టేవాడు. కట్టి ఇస్తే ఆల్డెన్ పెదవికి పెట్టి చూసి, కత్తెర తీసి కోసేసి, మళ్ళీ కట్టేవాడు. ప్రతి ఏడూ ఇదే. నా పడవ పక్కనే ఉంటే వాళ్ళ మాటలు నీళ్ళ మీదుగా వినబడేవి.

"ఇది ముడా, పిచ్చుక గూడా?"

"నువ్వు చూసేదాకా బాగానే ఉంది."

"జీవితమంతా పార్సిళ్ళకు తాళ్ళు కట్టావు కదయ్యా. అవి ఊళ్ళు చేరేవా?"

"బ్రహ్మాండంగా చేరేవి. విప్పలేకే జనం నన్ను తిట్టుకునేవాళ్ళు."

"నిజమే ఆల్డెన్," అనేది వినిఫ్రెడ్. "మా పెళ్ళి కేకు పెట్టెకు ఈయనే తాడు కట్టాడు. చివరికి గొడ్డలి తేవాల్సొచ్చింది."

ఒక చలికాలం హోబర్ట్ పట్టుదలగా కూర్చున్నాడు. వంటింట్లో కుర్చీ కాలికి కట్టి, విప్పి, మళ్ళీ కట్టి నేర్చుకున్నాడు. ఇంట్లో కర్టెన్ల తాళ్ళన్నీ ముడులేనని వినిఫ్రెడ్ మొత్తుకుంది. ఆ సెప్టెంబరులో పడవ ఎక్కగానే ముడి వేసి, దారం ఆల్డెన్‌కు అందించాడు. నా పడవ పక్కనే ఉంది. నేనూ చూశాను.

ఆల్డెన్ దారం పెదవుల మధ్యనుంచి లాగాడు. ముడిని వెలుతురుకు పెట్టి చూశాడు. రెండు చేతులతో గట్టిగా గుంజాడు. కత్తెర తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"బాగుంది," అన్నాడు.

హోబర్ట్ పడవలో లేచి నావైపు తిరిగి నిలబడ్డాడు. పడవ ఊగింది.

"లైల్! విన్నావా! నువ్వే సాక్షివి!"

"ముందు కూర్చో మహానుభావా," అన్నాడు ఆల్డెన్. "ముడితో పాటు మునిగిపోతావు."

ఆ రోజు ఆ గాలాన్ని ఒక్క చేప కూడా ముట్టలేదు. హోబర్ట్ అది పట్టించుకోలేదు. సాయంత్రం ఆల్డెన్ కర్రనుంచి గాలం తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ముడితో సహా ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ వచ్చిన ఫిబ్రవరిలో పోయాడు.

ఆ ఏడే, ఆల్డెన్ నోరు వంకరపోయిన కొద్దివారాలకు వినిఫ్రెడ్ ఫోను చేసింది. ఒక్కరోజు వస్తానంది. హోబర్ట్ కర్ర తెస్తానంది. పడవలో ముగ్గురు కూర్చోవడం అలవాటు, ఇద్దరైతే ఖాళీ సీటు చూస్తూ కూర్చోలేను, లైల్‌ను కూడా రమ్మనమంది. అలా నేను ఆ రోజు ఆ పడవలో ఉన్నాను.

పొద్దున్నే రేవులోకి వచ్చింది. హోబర్ట్ కోటు తొడుక్కుంది. దాని పొడుగు చేతుల్ని పైకి మడిచింది. ఆల్డెన్‌కు కర్ర ఇచ్చింది. పోయినేటి గాలం కొక్కెం దానికి అలాగే ఉంది. పైన అదే ముడి.

"నాకు చేప అక్కర్లేదు ఆల్డెన్. ఇది ఒకసారి నీళ్ళలో పడితే చాలు."

"సరేనండీ."

"ఇంకో మాట. పనికిరాదని నీ పెదవి చెప్పిందనుకో, కోసెయ్. నేనేం ఏడవను. చెప్పేదాకా మాత్రం ఉంచు."

ఆల్డెన్ తలూపాడు. దారం నోటి కుడి మూలకు పెట్టుకుని లాగాడు. ఎన్నడూ లేనంత మెల్లగా లాగాడు.

"బాగుంది. పోయినేడు ఎలా ఉందో అలాగే ఉంది."

"గట్టి పిండమే," అంది ఆవిడ. ముడిని అన్నదో, మొగుణ్ణి అన్నదో.

నది నోట్లో, సరస్సు వైపు ఉన్న పెద్ద తిప్ప మీదికి వెళ్ళాం. గాలి పెద్దగా లేదు. పడవను అడ్డం తిప్పి వదిలేస్తే నీరే తిప్ప మీదుగా మోసుకుపోతుంది. గాలం అడుగున రాళ్ళను తాకుతూ వస్తుంది. ఆ తాకిడి కర్రలోంచి అరచేతికి తెలియాలి. వినిఫ్రెడ్‌కు తెలుస్తుంది. ఆవిడ కర్ర పట్టుకున్న తీరు చూస్తే నాకు ముచ్చటేసేది. టీ కప్పు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

మొదట చిన్నవి పడ్డాయి. ఒక్కో చేపను తీయగానే ఆల్డెన్ దారం కుడి మూలకు పెట్టుకున్నాడు. బాగుంది, అన్నాడు. బాగుంది.

"ఈ పిల్లకాయల్ని హోబర్టే పంపిస్తున్నాడు," అంది వినిఫ్రెడ్. "తనకు పడనిది నాకు పడితే ఆయన ఓర్చుకోడు."

"ఓర్చుకునేవాడు కాదు," అన్నాడు ఆల్డెన్. "మీకు ఐదు పౌన్లది పడ్డ రోజు శాండ్‌విచ్ తిననన్నాడు గుర్తుందా?"

"తిన్నాడు. గదికి వెళ్ళాక, నాకు వీపు పెట్టి తిన్నాడు."

మధ్యాహ్నానికి కాస్త ముందు గాలం రాతి సందులో తట్టుకుంది. ఆల్డెన్ మోటారు వేసి పడవను నీటికి ఎదురు నడిపాడు. రాయి దాటాక దారం వదులైంది. కర్రను అటూ ఇటూ ఆడించి గాలాన్ని విడిపించాడు. పైకి చుట్టి దారం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు వినిఫ్రెడ్ మాట్లాడుతోంది. ఎటో చూస్తూ మాట్లాడుతోంది.

"చివర్లో ఆసుపత్రిలో ఆయనకి మాట లేదు. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. దుప్పటి అంచులో ఒక దారం ఊడి వేలాడుతోంది. దానికి ముడి వేస్తున్నాడు. వేస్తాడు, గుంజి చూస్తాడు. నావైపు చూస్తాడు. నేను బాగుంది అనాలి. అంటే విప్పుతాడు. మళ్ళీ వేస్తాడు. ఆ రాత్రంతా అన్నాను ఆల్డెన్. బాగుంది బాగుంది అని."

ఆల్డెన్ ఆవిణ్ణే చూస్తున్నాడు. దారం పెదవుల మధ్యనుంచి లాగుతున్నాడు. ఎడమ మూలనుంచి. ఎప్పటి ఆల్డెన్‌లాగే ఉన్నాడు. నాకు అందులో తేడా ఏమీ కనబడలేదు.

"బాగుంది," అన్నాడు.

గాలం నీళ్ళలో వేశాడు. కర్ర ఆవిడ చేతికి ఇచ్చాడు.

పడవ అలా నీటితో సాగుతుండగానే, తిప్ప అంచు దాటి నీళ్ళు లోతైన చోట, ఆవిడ కర్రను కాస్త ఎత్తింది. ఏదో బరువు అంది. నేలకు తట్టుకుందేమో అన్నాను నేను. ఆల్డెన్ చేతివల అందుకున్నాడు.

"నేల కదలదు," అన్నాడు.

కర్ర వంగింది. దారం చుట్టే రీలు పాడింది. దారం సరస్సు వైపుకు పోయింది, ఆగింది, పైకి రావడం మొదలుపెట్టింది. అప్పుడు చేప గాలిలోకి లేచింది. ఇత్తడి రంగు వీపు, దాని మీద నల్లటి అడ్డచారలు, ఎర్ర కన్ను. అది తల విదిలిస్తే నీళ్ళు మా మొహాల మీద పడ్డాయి.  అది ఎంత ఉంటుందో ముగ్గురికీ తెలుసు.

"హోబర్ట్," అంది వినిఫ్రెడ్, చాలా మెల్లగా.

ఆవిడ తొందరపడలేదు. చేప లాగితే ఇచ్చింది. ఆగితే తీసుకుంది. చాలాసేపు పట్టింది. పడవ పక్కకు వచ్చేసరికి అది ఒత్తిగిలి పడుకుని ఉంది. ఆల్డెన్ వల నీళ్ళలో ముంచి ఉంచాడు. పక్కనుంచి చూస్తే దవడ మూలన కొక్కెం, దాని పైన ముడి కూడా కనబడుతున్నాయి. చేప పడవ నీడ చూసింది. ఒక్క పెట్టున అడుగుకు దిగింది. కర్ర కొన నీళ్ళలో మునిగింది. తర్వాత లేచి నిటారుగా నిలబడింది.

వల అలాగే నీళ్ళలో ఉంది.

"పోయిందా?" అంది వినిఫ్రెడ్.

"పోయింది," అన్నాడు ఆల్డెన్.

దారం చుట్టి, తెగిన కొనను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఆకాశానికి అడ్డం పెట్టి చూశాడు. నోటి కుడి మూలకు పెట్టుకుని లాగాడు. ఆగాడు. ఎడమ మూలకు పెట్టుకుని లాగాడు. మళ్ళీ కుడికి. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆయన మొహంలో రంగు దిగిపోయింది. ఆ చివర జానెడు కోసి, వేలికి చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ముడి జారింది కదూ?" అంది వినిఫ్రెడ్.

ఆల్డెన్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆవిడ ఆ మౌనాన్నే జవాబనుకుంది.

"నాకు తెలుసు," అంది. నవ్వబోయింది. "అయ్యో హోబర్ట్. ఒక్క ముడి. ఒక్కటి సరిగ్గా వెయ్యి అంటే..." ఆ మాట అక్కడే తెగిపోయింది. కోటు చేతిలో మొహం పెట్టుకుంది.

ఆల్డెన్ మోటారు వేశాడు.

ఒడ్డు భోజనం, అంటే గైడు మంట మీద వండిపెట్టేది, లంకలోనే. మా దగ్గర అది మానడం ఉండదు, ఎవరు పోయినా, ఏది పోయినా. నేను కట్టెలు పేర్చాను. ఆల్డెన్ పంది కొవ్వు ముక్కలు పెనంలో వేశాడు. అవి కరిగి కరకరలాడాక, పచ్చి ఉల్లిపాయ చక్రాలతో రొట్టె మధ్య పెట్టి వినిఫ్రెడ్‌కు ఇచ్చాడు. వెంట తెచ్చుకున్న పసుపురంగు పెర్చ్ చేపల్ని శుభ్రం చేసి అదే కొవ్వులో వేయించాడు. బంగాళాదుంపలు ఉడికాయి. మొక్కజొన్న కండెలు ఉడికాయి. చివర్న గుడ్డులో ముంచిన రొట్టె అదే కొవ్వులో పొంగించి, పైన మేపుల్ పాకం పోశాడు. ఎన్నో ఏళ్ళుగా చేసిన క్రమంలోనే అంతా చేశాడు. 

వినిఫ్రెడ్ తిన్నది. మర్యాద కోసం తిన్నది. కాఫీ కప్పు పట్టుకుని మంట దగ్గర కూర్చుంది.

"ఆల్డెన్. ఒకటి అడగనా?"

"అడగండి."

"పోయినేడు ఆ ముడి బాగుందన్నావు. ఆయన మొహం చూసి జాలిపడి అన్నావు కదూ?"

"లేదు."

"పర్లేదులే. నేనేం తప్పు పట్టట్లేదు. ఆయన ఊరికి వెళ్ళేదాకా దారంతా అదే చెప్పాడు. చలికాలమంతా అదే. వచ్చిన వాళ్ళందరికీ ఆ కర్ర చూపించేవాడు. ప్యాట్‌నోడ్ కత్తెర లోపల పెట్టేశాడు అని. మంచి పని చేశావు. సంతోషంగా పోయాడు."

"జాలి కాదు," అన్నాడు ఆల్డెన్.

"సరే," అంది ఆవిడ, పసివాడు అబద్ధమాడితే ఊరుకున్నట్టు. ఆల్డెన్ మోచేతిని తట్టింది.

ఆల్డెన్ కప్పు నోటికి పెట్టుకున్నాడు. కాఫీ ఎడమ మూలనుంచి గడ్డం మీదికి, అక్కణ్ణుంచి చొక్కా మీదికి కారింది. ఆయన తుడుచుకోలేదు. ఆయనకు తెలియలేదు. కాఫీ మరక చొక్కా జేబు మీదుగా దిగింది. ఆ జేబులో తెగిన దారం ఉంది. నాకు అంతా అప్పుడే అర్థమైంది. నేను రుమాలు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. తీసుకున్నాడు.

రేవుకు వచ్చాం. వినిఫ్రెడ్ ఇద్దరితో చేతులు కలిపింది. పొద్దున్నే బయల్దేరతానంది. ఇక రాలేనేమో అంది. హోబర్ట్ కర్రను దండం పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళింది.

మర్నాడు తెల్లవారుతుండగా మా ఇంటి ముందు ఆల్డెన్ ట్రక్కు ఆగింది. హారను కొట్టాడు. కోటు వేసుకుంటూ బయటికి వెళ్ళాను.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"ఆవిడ దగ్గరికి. నాకు మాట తడబడితే నువ్వు చెబుదువుగాని."

చెక్క గదుల ముందు ఆవిడ కారు డిక్కీ తెరిచి ఉంది. కర్ర వెనక సీట్లో అడ్డంగా పెట్టుకుంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

"ఏమైనా మర్చిపోయానా?"

ఆల్డెన్ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులోంచి దారం తీసి, చుట్టలు విప్పి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"పెదవికి పెట్టుకోండి. ఇలా లాగండి."

ఆవిడ ఏమీ అడక్కుండా పెట్టుకుంది. లాగింది. ఒక చోట ఆగింది.

"గరుగ్గా ఉంది. ఇసుకలాగా."

"అది ఆల్చిప్ప కోత. ఇంకా లాగండి."

"ఇక్కడ ఇంకోటి."

"రెండు. మూడోది తెగిన చోట. ఇప్పుడు కొన చూడండి. తిన్నగా ఉంది. ముడి జారితే దారం అలా ఉండదు. పంది తోకలా చుట్టుకుంటుంది. మీరు ఎవర్నయినా అడగండి. వీణ్ణి అడగండి."

ఆవిడ నావైపు చూసింది.

"నిజమేనండీ," అన్నాను. "జారిన ముడి పంది తోక వదిలి పోతుంది. ఇది ముడికి పైనెక్కడో తెగింది."

"అయితే ముడి..."

"జారలేదు," అన్నాడు ఆల్డెన్. "చేపతో పోయింది. కట్టింది కట్టినట్టే ఉంది. పోయినేడు బాగుందన్నాను, బాగుంది కాబట్టే అన్నాను. నేను హోబర్ట్ మీద ఎన్నడూ జాలిపడలేదు."

ఆవిడ ఆ కొనను చూస్తూ నిలబడింది.

"మరి కోత ఉందని నిన్న చెప్పలేదే?"

"తెలియలేదు. ఆగస్టులో నోరు వంకరపోయింది. ఈ పక్క చచ్చిపోయింది." వేలితో చూపించాడు. "కుడి పక్క పెట్టి చూడాలి. పొద్దుటంతా అలాగే చూశాను. రాతికి తట్టుకున్నాక మాత్రం ఈ పక్క పెట్టాను. మీరు దుప్పటి దారం గురించి చెబుతున్నారు. అలవాటున పెట్టానో, గాటు దొరికితే ఆ ముడి కొయ్యాల్సొస్తుందని పెట్టానో నాకు తెలియదు. రాత్రంతా చూసుకున్నాను. తెలియలేదు."

ఆవిడ దగ్గరికి వచ్చింది. ఆల్డెన్ కంటే పొట్టి. దారాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, ఎత్తి, ఆయన నోటి ఎడమ మూలమీద ఆనించి లాగింది.

"తెలుస్తోందా?"

"లేదు."

కుడి మూలకు మార్చింది.

"ఇప్పుడు?"

"ఆఁ. అక్కడే."

ఆవిడ దారాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, అగ్గిపెట్టెను కోటు జేబులో పెట్టుకుంది. హోబర్ట్ కోటు.

"అన్నేళ్ళు కోశావు కదయ్యా ఆయన ముడులు," అంది.  "ఒక్కటి మంచిది వేస్తే, దాన్ని నువ్వు..." ఆయన్ను కొట్టబోతుందేమో అనుకున్నాను. ఆయన కూడా కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ కొట్టలేదు. క్షమించాననీ అనలేదు. కారెక్కి అద్దం దించింది.

"అది ఎంత ఉంటుంది ఆల్డెన్?"

"ఆరు దాటింది. బాగా దాటింది."

"ఆ ముడి దాని నోట్లో ఉందన్నమాట."

"ఉంది."

కారు రోడ్డెక్కింది. కనబడినంతసేపూ ఆల్డెన్ టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

తర్వాత రేవుకు వచ్చాం. ఆ పొద్దున ఆయన తన పడవ తాళం తియ్యలేదు. నా పడవలోకి దిగాడు. ముందు సీట్లో, ఎవరో ఒకరు గైడును నమ్ముకుని కూర్చునే చోట, కూర్చున్నాడు. నేను మోటారు వేశాను. తిప్ప మీదికి వెళ్ళాక గాలం కట్టి, కర్ర ఆయనకు ఇచ్చాను. ఆయన దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. దారం చివరి బారెడు చేతిలోకి తీసుకున్నాడు. పెదవుల దాకా ఎత్తాడు. అక్కడ ఆపి, వెనక్కి తిరిగి, ఆ దారం నా చేతికిచ్చాడు.